ఏడవకూడని కన్ను

మార్చి 4
అక్క కంటికి ఆపరేషన్ అయింది. కుట్లు పడ్డాయి. నలపకూడదు, ఏడవకూడదు అన్నాడు డాక్టరు. రెండో కన్ను చిన్నప్పుడే పోయింది. ఇదీ పోతే ఆవిడకి మిగిలేది చీకటే. మా ఇంటికే తీసుకొచ్చాను.

మార్చి 9
రిమోట్ దాచేశాను. పొద్దున్నే పాత సినిమా పెట్టుకు కూర్చుంది. హీరోయిన్ ఇంకా అత్తారింట్లో కాలు పెట్టలేదు, ఈవిడ అప్పుడే ముక్కు ఎగబీలుస్తోంది. పాత సినిమా అంటే అదీ! మనిషి బాధ మనిషికి చెప్పేది. ఇప్పటివి? హీరో నడిస్తే స్లో మోషన్, కూర్చుంటే స్లో మోషన్. మొదటిరోజు కలెక్షన్ తప్ప ఇంకో బాధ లేదు వాళ్ళకి. మార్కెట్‌కి గుండె ఎక్కడ ఏడిసింది? ఇదంతా ఓ వారపత్రికలో వ్యాసంగా రాశాను. ఒక్క ఉత్తరమూ రాలేదు. చదివినవాళ్ళందరూ ఒప్పుకున్నారన్నమాట.

మార్చి 12
అక్క అలిగింది. రేడియో వద్దట, నా ఉపన్యాసాలు అసలే వద్దట. కంటికి కుట్లు వేశారు గానీ నన్ను జైల్లో వెయ్యమన్నారట్రా అని దులిపేసింది.

దానికి తోడు మేనకోడలు ఫోను. మావయ్యా, నువ్వు థియేటర్ గడప తొక్కి ఎన్నాళ్ళయింది, చూడని సినిమాల్ని ఎలా తిడతావు అంది. తాగి చూస్తే గానీ విషమని తెలీదా అన్నాను. ఠపీమని పెట్టేసింది.

అప్పుడు తట్టింది. కొత్త సినిమాకి ఎవరికీ కన్నీళ్ళు రావు. అక్కకి అంతకంటే సేఫ్ ఏముంది? సినిమా చూడొచ్చని డాక్టరూ అన్నాడు. రేపు మ్యాట్నీ.

మార్చి 13, సాయంత్రం
తప్పు చేశాను.

బస్సు డ్రైవరు కథ. రిటైరయ్యే రోజు, ఆఖరి ట్రిప్పు. బస్సులో నరపురుగు లేదు. అయినా ప్రతి స్టాపులో ఆపుతాడు. తలుపు తెరుస్తాడు. కాసేపు చూస్తాడు. మూస్తాడు. ఎవరో ఎక్కుతారని కాదు, ఆపడం తన పని. డైలాగు లేదు, వయొలిన్ లేదు. పక్కన అక్క భుజాలు కదులుతున్నాయి. నల్లద్దాల కిందకి చెయ్యి పోనిస్తోంది. గభాల్న పట్టుకున్నాను. రెండోది లేచింది. అదీ పట్టుకున్నాను. వదలరా వెధవా, మండుతోంది అని గింజుకుంది. వెనకవాళ్ళు కసిరారు. వదల్లేదు. నా కళ్ళూ కారిపోతున్నాయి, తుడుచుకోడానికి చెయ్యేదీ? హాల్లో సగం మందిది అదే పని. మీసాలు సరిగ్గా రాని కుర్రాళ్ళు కూడా.

కన్ను ఎర్రబడింది. డాక్టరు పొద్దున్నే రమ్మన్నాడు.

నా వ్యాసం మీద అక్క కన్ను పందెం కాశాను.

మార్చి 14
ఒక్క కుట్టు కదల్లేదు!

కన్నీళ్ళతో నష్టం లేదట. నలిపితేనే ప్రమాదమట. మరి ఏడవకూడదని ఎందుకన్నావయ్యా అని లేచాను. ఏడ్చేవాళ్ళు నలపకుండా ఊరుకోరు కనక అన్నాడు. పాయింటే. అక్క తన మణికట్లు చూపించి, వీడు పట్టిన పట్టుకి వీటికీ కట్టు కట్టండి అంది. జన్మలో మొదటిసారి వాదనలో ఓడిపోయి, ఈల వేసుకుంటూ మెట్లు దిగాను.

స్లో మోషన్ గాళ్ళని మాత్రం వదిలేది లేదు. కానీ బస్సు గురించి రాస్తాను. గుండె చావలేదు, చూసొచ్చాను అని.

ఏప్రిల్ 2
అక్క నల్లద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూసింది. నా ఎడమ మీసం పొట్టిగా ఉందంది. అద్దంలో చూసుకున్నాను. నిజమే.

కొన్నాళ్ళు కత్తిరించను.