మా బావ పతకానికి తగ్గిన నాలుగు మార్కులు

ముద్రలు చెక్కే బల్ల ముందు యాభై ఆరేళ్ళు కూర్చున్న నేను, డెబ్బై ఎనిమిదో ఏట, మోకాళ్ళు తప్ప మిగతావన్నీ నా మాట వింటున్న స్థితిలో, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడికీ లోబడకుండా, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. ఇంతకు ముందు ఇంకోటి రాశానని ఎవరైనా కాగితం తెస్తే చెల్లదు.

తెలివికి రుజువు కావాలా? నా పనిలో అక్షరాలు తిరగేసి చెక్కాలి, కాగితం మీద పడితేనే తిన్నగా కనబడతాయి. ఈ వీలునామా కూడా తిరగేసే రాయగలను. మీరు చదవలేరని ఊరుకున్నాను.

1. దీని అమలు బాధ్యత మందుల దుకాణం నడిపే నా కూతురిది. నా ఇల్లు, నా దుకాణం, అందులోని బల్ల, పదిహేడు సన్న ఉలులు, కుంటి స్టూలు సర్వహక్కులతో ఆమెకే చెందుతాయి. స్టూలు బాగుచేయించవద్దు. ఎక్కువసేపు కూర్చునే ఖాతాదారుల కోసమే దాన్ని కుంటిగా ఉంచాను.

2. నా ఇరవై రెండు వెండి పతకాలలో, కింద వేరే చెప్పినవి పోగా మిగిలినవన్నీ కూడా ఆమెవే. షరతు ఒక్కటే: వాటిని గ్రేడింగుకి పంపరాదు.

తెలియనివాళ్ళ కోసం: టంకశాలవారు ఏటా ఒక పతకం అచ్చువేసి గుండ్రటి డిబ్బీలో పెట్టి అమ్ముతారు. దాన్ని గ్రేడింగు కంపెనీకి పంపితే దీపం కింద పెట్టి చూసి, డెబ్బైకి ఇన్ని మార్కులని చీటీ రాసి, పతకాన్నీ చీటీనీ కలిపి లోపలిది కనబడేలా, మళ్ళీ తెరవడానికి వీల్లేని ప్లాస్టిక్ పెట్టెలో బిగించేస్తారు. నూటికి కాకుండా డెబ్బైకే ఎందుకని మా బావని అడిగాను. గంటసేపు చెప్పాడు. నాకు ఇప్పటికీ తెలియదు.

పాత నాణేలకి గ్రేడింగు వద్దనను. వందేళ్ళు చేతులు మారి వచ్చినదాన్ని అసలో నకిలీయో తేల్చేవాడు ఉండాల్సిందే. నిన్న అచ్చులోంచి ఊడిపడ్డదానికి పరీక్షేమిటి? ఉయ్యాల్లో పిల్లకి సత్ప్రవర్తన సర్టిఫికెట్ ఇచ్చినట్టుంటుంది. దానికింకా ఏమీ జరగందే! పతకం కొంచెం, పెట్టె ఘనం. అమ్మేటప్పుడు కొనేవాడు మార్కులు అడుగుతాడని బావ అంటాడు. నిజమే, అడుగుతాడు. అలాంటివాడికి అమ్మొద్దు.

3. తొమ్మిదో పతకం కూతురికి విడిగా ఇస్తున్నాను. నల్లబడిందని దాన్ని మా ఆవిడ పళ్ళపొడి వేసి తోమింది. నేను ఇంటికొచ్చేసరికి గిన్నెల పక్కన బోర్లించి ఉంది. పతకాలు సేకరించేవాళ్ళ లోకంలో దీన్ని హత్య అంటారు. నేను లబోదిబోమంటే, "మెరుస్తోందిగా, ఇంకేం కావాలి మీకు?" అంది. ఆమెది ఎడమచేతి వాటం, గీతలన్నీ ఒకే వైపు తిరుగుతాయి. అమ్మా, కిటికీ దగ్గర పట్టుకుని తిప్పి చూడు. మీ అమ్మ చెయ్యి కదులుతుంది.

4. ఇక మా బావ సంగతి. మా అక్క మొగుడు, లెక్కల మాస్టారు. ముప్పై ఏడేళ్ళు మార్కులు వేసి రిటైరై, వెయ్యడానికి ఇంకెవరూ దొరక్క పతకాల మీద పడ్డాడు. నేను అయిదో తరగతితో బడి మానేసి, మిగతా చదువంతా పొట్లాలు కట్టిన కాగితాల మీద చదువుకున్నవాణ్ణి. అందుకని నన్ను "ఒరే వేలిముద్రగాడా" అని పిలవడం ఆయనకి సరదా. నలుగురిలోనూ అదే పిలుపు. ముద్రలు చెక్కేవాడికి తగ్గ పేరేలే అని నవ్వేసేవాణ్ణి. లోపల మాత్రం నవ్వలేదు. ఇది కూడా ఇందులో నమోదు కావాలి.

పదకొండేళ్ళ కిందట ఆయన పతకమూ నాదీ ఒకే పార్సెల్లో నా దుకాణానికి వచ్చాయి. ఆయన తనది పట్టుకెళ్ళి, మూడు నెలలు బీరువాలో దాచి, డెబ్బై ఖాయమని వీధంతా చాటి మరీ గ్రేడింగుకి పంపాడు. అరవై ఆరు వచ్చింది. చీటీ మీద కారణం కూడా రాశారు: వేలిముద్ర.

బీరువా తుడిచేది మా అక్క. ఇంకేముంది! ఆనాటి నుంచి ఎవరొచ్చినా పెట్టె చూపించి, "నా నాలుగు మార్కులూ ఈవిడే మింగింది" అంటాడు. వియ్యాలవారి ముందు అన్నాడు, పాలవాడి ముందు అన్నాడు, పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూడా అన్నాడు. అక్క బీరువా తాళంచెవి ఆయన చేతిలో పెట్టేసింది. మళ్ళీ ముట్టుకోలేదు. ఆమెకిప్పుడు ఎనభై ఒకటి.

5. ఇందుమూలముగా ప్రకటించడమేమనగా, ఆ వేలు నాది.

పార్సెలు విప్పిన పూట, పతకం మీద అక్షరాలు ఎంత లోతు తెగాయో వేలికి తెలిస్తేగాని నాకు నిద్రపట్టదనిపించింది. బావ డిబ్బీ తెరిచి ఎడమ బొటనవేలితో నొక్కి చూశాను. నీది ఎందుకు తెరవలేదురా అంటారు. పతకం ఉన్నది చేత్తో పట్టుకోవడానికేనని ఊరంతా ఉపన్యాసాలిచ్చిన నాకు, నా సొంతది పాడుచేసుకోవడానికి మనసొప్పలేదు.

వెండి మీద చెమట అప్పటికప్పుడు కనబడదు. నెలలు గడిచాక పసుపు తిరిగి, ఆనక నల్లబడుతుంది. చీటీ వచ్చిన రోజే చెప్పేస్తే పోయేది. "వేలిముద్రగాడు వేలిముద్ర వేశాడు" అని ఆయన చచ్చేదాకా అంటాడని జంకాను. ఆ మాట నేను పడలేక, ఈ మాట అక్కని పడనిచ్చాను. తప్పు నాది. దీనికి షరతులేవీ లేవు.

పదహారో ఏట, ఇంకా పని నేర్చుకుంటున్నప్పుడు, ఉలి జారి ఆ వేలు అడ్డంగా తెగింది. నా ముద్రలో రైలు గేటు దించినట్టు ఓ గీత ఉంటుంది. పెట్టెలో పతకం మీదా ఆ గీత ఉంది. బావ పదకొండేళ్ళూ అరవై ఆరు అనే అంకెనే చూశాడు గాని పతకాన్ని ఒక్కసారీ చూడలేదు. గ్రేడింగు మీద నా అభ్యంతరమల్లా ఇదే. అక్క మాత్రం చూసే ఉంటుంది. తెగిన వేలికి గుడ్డ చుట్టిందీ, మానేదాకా నా చొక్కా బొత్తాలు పెట్టిందీ ఆవిడే. "నా చెయ్యే తగిలిందేమోలే" అని ఊరుకుంది.

6. ఆ ఏటి నా పతకం, ఈనాటికీ డిబ్బీ తెరవనిది, బావకి చెందుతుంది. షరతు: ముందు నా బల్ల దగ్గర కూర్చుని, నా భూతద్దంతో, అక్క పక్కనుండగా, తన పతకాన్ని పది నిమిషాలు చూడాలి. తరవాత ఆవిడతో అనవలసింది అనాలి. ఏమనాలో నేను రాయను, లెక్కల మాస్టారు కదా, ఆయనే చేసుకుంటాడు. ఆపైన నాది గ్రేడింగుకి పంపుకున్నా సరే. డెబ్బై రాకపోతే, ఈసారి అక్క దాని ఛాయలకే రాలేదని నా కూతురు సాక్ష్యం చెబుతుంది. షరతు ఒప్పుకోకపోతే పతకం పళ్ళ డాక్టరుకి పోతుంది.

7. బదులుగా ఆ అరవై ఆరు మార్కుల పతకాన్ని బావ అక్కకి ఇచ్చెయ్యాలి. ఆ పెట్టె ఎవరూ తెరవలేరు, ఎవరూ తుడవలేరు. తమ్ముడి వేలు అందులో భద్రంగా ఉంటుంది. గ్రేడింగు గురించి నేనన్న మాటలేవీ వెనక్కి తీసుకోను. ఈ ఒక్క పెట్టెకి మినహాయింపు.

తేదీ: 2023 మార్చి 14, మంగళవారం ఉదయం.

సాక్షులు: పక్క దుకాణంలో కళ్ళద్దాలు అమ్మే ఆయన, ఎదురు దుకాణం దర్జీ. ఇద్దరికీ ఇందులో చిల్లిగవ్వ రాదు, అందుకే నమ్మొచ్చు.

పైన సంతకం చేశాను, పూర్తి పేరుతో, గుండ్రంగా. అయినా పక్కనే ఎడమ బొటనవేలి ముద్ర కూడా వేస్తున్నాను. బావా, భూతద్దం నీ చేతిలోనే ఉంది కదా, పోల్చి చూసుకో.

ఇట్లు,
వేలిముద్రగాడు