అరిగినది, అలిసినవాడు

తంగళ్ళపల్లి,
సెప్టెంబరు 9

ప్రియమైన బిడ్డ కరుణకు,

బుచ్చిరాములు పెద్దబాపు దీవించి రాసే సంగతులు. ఎడమ చేతి గాయం మానింది. రెండు వేళ్లు పోయిన చోట నీళ్లు తగిలితే ఇంకా జివ్వుమంటుంది. కుడి చెయ్యి మిగిలింది కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటని నవ్వకు. ఫోన్‌లో మాట్లాడితే మీ పెద్దమ్మ విజయరాణి పక్కనే ఉంటుంది. ఈ సంగతి ఆమె చెవిన పడటం నాకిష్టం లేదు.

సూరత్ లేబర్ ఆఫీసు నుంచి కాగితాలు వచ్చాయి. జూన్‌లో సచిన్ ఏరియాలోని మన మిల్లులో నాకు దెబ్బ తగిలిన నాటి రిపోర్టు. అంతా ఇంగ్లీషే. కింద సాక్షిగా మీ బాపు మార్కండేయ తెలుగులో చేసిన సంతకం మాత్రం గుర్తుపట్టాను. ముప్పై ఏళ్లు పక్కపక్క కరెంటు సాంచాల మీద బట్ట నేసినవాళ్లం. వాడేం చెప్పాడో తెలుసుకోవాలని ఉంది. వాణ్ణే అడిగితే, నమ్మకం లేక అడిగానని బాధపడతాడు.

అక్షరాలు కూడబలుక్కుంటే మూడు మాటలు దొరికాయి: ఎగ్జాస్టెడ్, ఫెటీగ్, వోర్న్ అవుట్. మూడూ నా గురించే అనిపిస్తోంది. నువ్వు ఆ మిల్లు ఆఫీసులోనే ఇంగ్లీషు టైపు చేసే పిల్లవు. అర్థాలు రాసి పంపు.

నీ పెద్దబాపు,
బుచ్చిరాములు


డిండోలి, సూరత్
సెప్టెంబరు 20

ప్రియమైన పెద్దబాపుకు,

కరుణ దండాలు పెట్టి రాస్తున్నది. నీ అక్షరాలు చూసి చాలా సంతోషమైంది. నాకు తెలుగు రాయడం నేర్పింది నువ్వే కదా. తప్పులుంటే నీ శిష్యురాలి తప్పులనుకో.

ఇంగ్లీషులో అలసటకు బోలెడు మాటలున్నాయి పెద్దబాపూ. టైర్డ్ అంటే కాసేపు నడుం వాలిస్తే తీరేది. ఎగ్జాస్టెడ్ అంటే ఒంట్లో సత్తువంతా తోడేసినట్టు అయిపోవడం. ఫెటీగ్ అనేది డాక్టర్లు ఎక్కువ వాడతారు, రోజుల తరబడి పేరుకున్న అలసట. ఇంకా స్పెంట్ అంటారు, మనిషి మొత్తం ఖర్చయిపోయినట్టు. డ్రెయిన్డ్ అని కూడా అంటారు. వోర్న్ అవుట్ కూడా అలాంటిదే. బాగా అలసిపోవడం. అంతే.

ఆ రోజు నువ్వు రెండు షిఫ్టులు వరసగా చేశావు కదా, అందుకే అలా రాసి ఉంటారు. మనసులో పెట్టుకోకు.

పోయిన ఆదివారం డుమస్ బీచికి వెళ్లాం. టమాటా బజ్జీలు తిన్నాం. బాపు మాత్రం ముట్టలేదు. ‘బుచ్చన్న ఉంటే మంచిగుండు’ అన్నాడు.

పెద్దమ్మను అడిగానని చెప్పు.

నీ కరుణ


తంగళ్ళపల్లి,
అక్టోబరు 6

ప్రియమైన బిడ్డకు,

నీ జవాబు అందింది. ఎంత ఓపికగా రాశావు! చదువుకుని చాలాసేపు మంచం మీదే కూర్చుండిపోయాను.

నిజం చెప్తున్నాను. ఆ క్షణం నాకు సరిగా గుర్తులేదు. పోగు తెగింది, సాంచా ఆపాను, చెయ్యి పెట్టాను అనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ తర్వాత నొప్పికి స్పృహ పోయింది, కళ్లు తెరిచేసరికి ఆసుపత్రిలో ఉన్నాను. ఇప్పుడు చూస్తే, ఆపకుండానే కునికిపాట్లు పడుతూ చెయ్యి పెట్టానేమో. మార్కండేయ కళ్లారా చూసినవాడు. వాడు అబద్ధం చెప్పడు.

ముప్పై ఏళ్ల పనివాణ్ణి, సాంచా మీద నిద్రపోయి వేళ్లు పోగొట్టుకున్నాను. కొత్తగా పనిలోకొచ్చినవాళ్లకు ‘జర నిద్రొస్తే బయటికివోయి మొకం కడుక్కోండ్రి’ అని చెప్పింది నేనే. మీ పెద్దమ్మ ఇప్పటికీ వాడకట్టులో ‘మిషిని ఖరాబున్నది, మా ఆయనది తప్పు గాదు’ అని అందరితో కొట్లాడుతోంది. ఆమె అలా అంటుంటే తల ఎత్తలేకపోతున్నాను. మొన్న మా బంధువుల పెళ్లికి కూడా పోలేదు.

ఒక్క మాట అడుగుతాను. ఇక్కడ సైకిల్ షాపు దేవదాస్ బొంబాయి గ్యారేజీల్లో పనిచేసి వచ్చాడు. వోర్న్ అవుట్ అంటే ఏంటని ఊరికే అడిగినట్టు అడిగాను. ‘గది టైర్లకు అంటరు గదా, అరిగిపోతే’ అన్నాడు. మీ బాపు నన్ను అరిగిన టైరు అన్నాడా బిడ్డా? లేక మనుషులకూ ఆ మాట ఉందా?

తప్పు నాదేనని లేబర్ ఆఫీసుకు రాసిచ్చి, ఈ ముచ్చట ఇంతటితో వదిలేద్దామనుకుంటున్నాను.

నీ పెద్దబాపు,
బుచ్చిరాములు


డిండోలి,
అక్టోబరు 17

ప్రియమైన పెద్దబాపుకు,

మనుషులకూ ఆ మాట ఉంది. బాపు నిన్ను ఎప్పుడూ ఒక్క మాట తక్కువ చేసి అనలేదు. అది మాత్రం నమ్ము.

ఆఫీసులో పని ఎక్కువగా ఉంది, ఎక్కువ రాయలేను. ఏదైనా రాసిచ్చే ముందు కొన్నాళ్లు ఆగు.

కరుణ


డిండోలి,
నవంబరు 14

పెద్దబాపుకు,

‘ప్రియమైన’ అని రాయడానికి చెయ్యి రాలేదు. ఈ ఉత్తరం ఇప్పటికి నాలుగుసార్లు రాసి చింపేశాను.

నువ్వు నిద్రపోలేదు. నువ్వు సాంచా ఆపావు. బాపు చూశాడు.

ఆ రోజు మేనేజర్ బాపును ఆఫీసుకు పిలిపించాడు. బాపు చొక్కా మీద నీ నెత్తురు ఇంకా ఆరలేదు. తెలుగులో చెప్తే ఇంగ్లీషులో టైపు చేయమని నన్ను కూర్చోబెట్టారు. బాపు చెప్పింది ఇది: ‘బ్రేకు పట్టీ అరిగిపోయింది సారూ. బుచ్చన్న సాంచా ఆపిండు. పోగు అతుకుదామని చెయ్యి పెట్టిండు. బ్రేకు పట్టలే. సాంచా ఇంకో దెబ్బేసింది. నెల సంది మొత్తుకుంటున్నం, ఎవ్వలు ఇనలే.’

నేను సరిగ్గానే టైపు చేశాను. ‘ది బ్రేక్ వాజ్ వోర్న్ అవుట్.’ మేనేజర్ చదివి, నా కుర్చీ పక్కకు వచ్చి మెల్లగా హిందీలో అన్నాడు: ‘మాట అదే ఉంచు. బ్రేక్ తీసేసి వర్కర్ అని పెట్టు. బస్.’

దేవదాస్ చెప్పింది నిజమే. ఆ మాట అరిగిన వస్తువుకూ చెల్లుతుంది, అలసిన మనిషికీ చెల్లుతుంది. బాపు అన్నది బ్రేకును. నేను దాన్ని నీకు అంటించాను. నువ్వు సాంచా ఆపిన సంగతీ, నెల రోజులుగా మొత్తుకున్న సంగతీ తీసేశాను. మిగతా రెండు మాటలు మేనేజర్ తన రిపోర్టులో కలుపుకున్నాడు.

బాపు కాగితం చేతిలోకి తీసుకుని ‘మంచిగ రాసినవా బిడ్డా?’ అని అడిగాడు. ‘రాసిన బాపూ’ అన్నాను. సంతకం పెట్టాడు.

ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. కానీ అదొక్కటే అంటే మళ్లీ అబద్ధమవుతుంది. మేనేజర్ ‘శభాష్, ఇంగ్లీష్ బాగుంది’ అన్నాడు. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు, నాకేమో ఆ మెప్పుకు ఒక్క క్షణం సంతోషం కలిగింది. అది గుర్తొస్తే అద్దంలో నా ముఖం నేను చూసుకోలేకపోతున్నాను. తర్వాత నువ్వు అర్థాలు అడిగావు. నేను పంతులమ్మలా అన్ని మాటలూ వివరించి, ఆ ఒక్క మాటనే సగం దాచాను.

ఇన్నాళ్లకు ఎందుకు చెప్తున్నానంటే, నీ సాంచా మీద ఇప్పుడు బిక్షపతి అనే అతను పనిచేస్తున్నాడు. దసరా తర్వాత జగిత్యాల వైపు నుంచి వచ్చాడు. పోయిన గురువారం అతను సాంచా ఆపి వంగాడు, అది మళ్లీ కొట్టింది. బాపు పక్కనుంచి లాగకపోతే చెయ్యి పోయేది. ఒక్క గోరు ఊడటంతో బయటపడ్డాడు.

బాపు ఇంటికొచ్చి అన్నాడు: ‘నేను సంతకం వెట్టి ఐదు నెలలాయె. బ్రేకు ఎందుకు మార్చలే? రేపు నువ్వే అడుగు ఆఫీసుల.’ అప్పుడు చెప్పేశాను. బాపు కొట్టలేదు, తిట్టలేదు. ‘నా సంతకం పైన ఏం రాసినవే?’ అని మళ్లీ మళ్లీ అడిగాడు. నేను తెలుగులో చదివి వినిపించాను. కంచం పక్కకు జరిపి లేచిపోయాడు.

మర్నాడు ఇద్దరం లేబర్ ఆఫీసుకు వెళ్లాం. నేను మొదట టైపు చేసిన కాగితం మిల్లు కంప్యూటర్‌లో ఉండిపోయింది. పొద్దున్నే తీసుకున్న దాని కాపీ ఇచ్చి, జరిగిందంతా రాసిచ్చాను. అధికారి వచ్చి ఆ సాంచాను ఆపించాడు. నన్ను పనిలోంచి తీసేశారు. బాపును ఇంకా తియ్యలేదు. డిసెంబరు 9న అందరినీ పిలిచి విచారిస్తారట. నీకూ కాగితం వస్తుంది.

క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు.

కరుణ


తంగళ్ళపల్లి,
నవంబరు 26

కరుణా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. కోపం లేదని రాస్తే నేనూ అబద్ధం రాసినట్టే. మొదటి రోజు దాన్ని చించబోయాను. నేను చేతుల్లో ఎత్తుకుని తిప్పిన పిల్లవు. పరాయివాళ్లు చేసుంటే ఇంత నొప్పి ఉండేది కాదు.

నువ్వు ఆగమన్నావు, నేను ఆగలేదు. తప్పు నాదేనని అక్టోబరు ఆఖర్లోనే రాసి పంపేశాను. అప్పుడు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు నీ ఉత్తరం విజయరాణికి చదివి వినిపించాను, నేను రాసి పంపిన సంగతి కూడా చెప్పాను. ఆమె నిన్నేమీ అనలేదు. ‘గందుకేనా గిన్నొద్దులు నా మొకం చూడకుంట కూసున్నవ్?’ అని నన్ను పట్టుకుని ఏడ్చింది. రెండు నెలలుగా ఆమె వైపు సరిగా చూడలేదని అప్పుడే తెలిసింది నాకు. ఎందుకు కోపమో తెలియక ఆమె లోపల్లోపల కుమిలిపోయిందట.

మీ బాపుతో ఫోన్‌లో మాట్లాడాను. వాడే ‘వస్తవా అన్నా?’ అన్నాడు. వస్తున్నాను. నేను రాసిచ్చిన ఒప్పుకోలును నా నోటితోనే వెనక్కి తీసుకోవాలి. విజయరాణి కూడా బయల్దేరుతోంది. మీ ఇంట్లోనే దిగుతాం.

విచారణలో నేను తెలుగులోనే చెప్తాను. నా మాటలను ఇంగ్లీషులోకి నువ్వే మార్చాలి. అధికారి ఇంకెవరినైనా పెడతానంటే నాకు ఈ పిల్లే కావాలని అడుగుతాను. నా ఎదురుగా కూర్చో. ఒక్కో మాట నా ముఖం చూసి చెప్పు. అది నీకు కష్టమని తెలుసు. నాకూ కష్టమే.

ఇంకొకటి. ఆ రోజు నేను అలసి ఉన్న మాట కూడా నిజమే. మనిషి తక్కువున్నాడని రెండో షిఫ్టు కూడా వాళ్లే చేయించారు. అయినా సాంచా ఆపాను. అలసిపోయానని చెప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. కాబట్టి అది దాచొద్దు. బ్రేకు అరిగింది, నేను అలిసిన. రెండు మాటలూ రాయి. దేనికి ఏది చెందుతుందో దానికే రాయి.

దీవెనలతో,
నీ పెద్దబాపు