షెడ్డు క్లబ్బు తనిఖీ

ఆగస్టు 4

అనుమతి ఇవ్వడం కుదరదని రాయాలనే నిర్ణయంతో ఇంటికి వచ్చాను. బడి వదిలాక పిల్లల్ని చూసుకునే క్లబ్బులకు వెళ్లి మార్కులు వేయడం నా ఉద్యోగం. ఇలాంటిది ఇంతవరకూ చూడలేదు. ఒకప్పుడు లారీలు రిపేరు చేసిన షెడ్డు. ఎటు చూసినా మట్టి, చెక్కలు, పాత టైర్లు, తాళ్లు. ఒక పిల్ల చేతిలో సుత్తి ఉంది. బొమ్మ సుత్తి కాదు. వెనక గేటుకు గడియ లేదు, తాడుతో కట్టేశారు. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో ఒక కత్తెర ఉంది, అంతే.

నడిపే ఆవిడ ఒకప్పుడు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదట. పిల్లలు పెద్దమ్మా అంటున్నారు. టైమ్‌టేబుల్ ఏదండీ అని అడిగాను. ఆకలేస్తే తింటారు, తోచినట్టు ఆడతారు, మీలాంటి అమ్మలొస్తే ఇళ్లకి పోతారు, అంతేనండీ అంది. వెటకారం లేదు. మామూలుగానే చెప్పింది.

ఆగస్టు 5

మా బుడ్డది వెళ్లే క్లబ్బు వేరు. పోయినేడాది నేనే తనిఖీ చేసి, అన్నిటికంటే ఎక్కువ మార్కులిచ్చాను. అందుకే ఈ జూన్‌లో నా కూతుర్ని అక్కడ చేర్పించాను. చేర్పించాక ఆ ఫైలు నా చేతిలోంచి పోయింది. సొంత పిల్లలున్న చోట మేము తనిఖీ చేయకూడదు.

మెత్తటి నేల. పిల్లల ఎత్తుకు తగ్గ సింకులు. బొమ్మల బుట్టలకు లేబుళ్లు. అత్తయ్య మాత్రం సాయంత్రం బుడ్డదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పొద్దున వేసిన ఇస్త్రీ మడత కూడా చెదరలేదే, ఇదేం పిల్లమ్మా, షోకేసులో బొమ్మలా అంది. మంచి క్లబ్బు కదా అత్తయ్యా అన్నాను.

ఆగస్టు 8

ఇవాళ ఏం ఆడావని బుడ్డదాన్ని అడిగితే, ఆడలేదమ్మా, యాక్టివిటీ చేశాం అంది.

ఆగస్టు 11, సాయంత్రం

కాదని రాసేముందు రెండోసారి చూసి తీరాలని రూలు. చెప్పకుండా షెడ్డుకు వెళ్లాను.

ఒకే చెక్క కోసం ఇద్దరు ఆడపిల్లలు కొట్టుకుంటున్నారు. ఒకతె ఓడ కడుతోంది, ఇంకొకతె ఆసుపత్రి. జుట్లు పట్టుకున్నారు. నా చెయ్యి పెన్ను మీదకు పోయింది. పెద్దమ్మ పరుగెత్తలేదు. వచ్చి వాళ్ల పక్కనే టైరు మీద కూర్చుంది. పట్టుకున్న చేతులు మెల్లగా విడిపించింది. ఏంటే మీ గొడవ అంది. ఇద్దరూ ఒకేసారి అరిచారు. ముందు ఒకతె చెప్పింది మొత్తం వింది. తర్వాత రెండోది చెప్పింది కూడా అంతే ఓపిగ్గా వింది. తీర్పు చెప్పలేదు. అయితే ఇప్పుడేం చేద్దామంటారు అంది.

చాలాసేపు పెద్దమ్మ టైరు మీంచి కదల్లేదు. నాకే విసుగొచ్చింది. చివరికి ఓడలోనే ఆసుపత్రి పెడదామని వాళ్లే తేల్చుకున్నారు. ఒకతె ఇంకా వెక్కుతూనే చెక్కకు రెండో కొస పట్టుకుంది.

గేటు, ఫస్ట్ ఎయిడ్, బాత్రూంలో లైటు: లోపాలని రాశాను. కుదరదని రాయలేకపోయాను. బస్సులో కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

ఆగస్టు 14

బుడ్డది క్లబ్బులో బట్టల్లోనే పోసుకుంది. వేరే గౌనులో ఇంటికి వచ్చింది. తడిసిన గౌను కవర్లో మడతపెట్టి, పైన పేరు అంటించి ఇచ్చారు. అక్కడి మేడమ్ చాలా మర్యాదగా చెప్పింది. అది స్టోరీ టైమట. బాత్రూంకి బ్యాచ్‌లుగా పంపుతారట. పాప గట్టిగా అడగలేదట. ఏడుపు ఆగేదాకా ప్రశాంతి కార్నర్‌లో కూర్చోబెట్టారట. థాంక్స్ అండీ అన్నాను.

సగం దారిలో గుర్తొచ్చింది, నేను థాంక్స్ చెప్పానని.

బుడ్డది దారిలో ఏడవలేదు. అన్నం తింటూ, అమ్మా, ఆ క్లబ్బు మంచిదని రాసింది నువ్వేనా అంది. అవునన్నాను. ఇంకో ముద్ద పెట్టమంది.

ఆగస్టు 16

మాన్పించేయ్ అన్నారు మా ఆయన. మాన్పించి ఎక్కడ ఉంచాలి? ఆయనవి షిఫ్టులు. అత్తయ్యకు మోకాళ్లు. మా దారిలో ఉన్న మరో క్లబ్బు ఆ షెడ్డు ఒక్కటే.

అనుమతి ఇచ్చి, వెంటనే మా పిల్లను చేర్పిస్తే, చేర్పించడం కోసమే ఇచ్చానంటారు. వాళ్ల అనుమతీ పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. ముందే చెప్పి ఫైలు వదులుకుంటే అది టేపు సార్‌కి వెళ్తుంది. మా సెక్షన్‌లో సీనియర్. జేబులో ఎప్పుడూ కొలత టేపు ఉంటుంది. ఆయన గోడల్ని చూస్తారు, పిల్లల్ని చూడరు. ఈ ఏడాది ఆయన మూయించినన్ని క్లబ్బులు ఇంకెవరూ మూయించలేదు.

ఫైలు నా దగ్గరుంటే షెడ్డు బతుకుతుంది. బుడ్డది ఆ కార్నర్‌లోనే ఉంటుంది.

ఆగస్టు 17

ఆదివారం. బుడ్డది సోఫా మీద కూర్చుని, లేవచ్చా అని నన్ను అడిగింది.

ఆగస్టు 19

ఫైలు టేపు సార్‌కి ఇచ్చేశాను. మా అమ్మాయిని అక్కడ చేర్పించాలనుకుంటున్నాను సార్ అన్నాను. కళ్లజోడు మీదుగా చూశారు. గేటుకు గడియ లేదని మీరే రాశారు కదమ్మా అన్నారు. అవునన్నాను. లోపాలు నేరాలా అని అడగాలనిపించింది.

నేను రాసిన లోపాల నోటీసు ఇవ్వడానికి షెడ్డుకు వెళ్లాను. ఆఫీసరు మారారని చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. పెద్దమ్మ నోటీసు చదివి మడిచింది. అంటే మీ పాప కోసం మా పిల్లలందర్నీ పణం పెట్టారన్నమాట అంది. గొంతు పెంచలేదు. మంచినీళ్లు ఇచ్చింది. తాగి వచ్చేశాను.

ఆగస్టు 25

టేపు సార్ వెళ్లొచ్చారు. నాకు తెలిసింది ఆఫీసు డ్రైవర్ చెప్పిందే. సార్ గేటు కొలుస్తుంటే పిల్లలు టేపు రెండో కొస పట్టుకున్నారట. తర్వాత టైరు కొలిచారట, ఓడ కొలిచారట, పెద్దమ్మను కొలిచారట, సార్‌ని కింద పడుకోబెట్టి మరీ కొలిచారట. రెండుసార్లు హారన్ కొట్టినా రాలేదండీ అన్నాడు డ్రైవర్.

సార్ తన సీట్లో కూర్చుని, బూటు విప్పి చెత్తబుట్టలో మట్టి దులుపుకున్నారు.

ఆగస్టు 27

ఆర్డరు వచ్చింది. లోపాలు సరిచేసేదాకా షెడ్డు మూసెయ్యాలి.

సెప్టెంబరు 4

పిల్లల తల్లిదండ్రులే పనిలోకి దిగారట. ఒక వెల్డర్ తండ్రి గడియ పెట్టాడు. ఒక నర్సు తల్లి డబ్బా నింపింది. నేను వెళ్లలేను. ఆఫీసు మనిషిని.

బుడ్డదాన్ని మాన్పించేశాం. రోజూ అత్తయ్యే ఆటోలో వెళ్లి బడి నుంచి తెస్తోంది. నా మోకాళ్లు ఇక నావి కావమ్మాయ్ అంటుంది. దారిపొడుగునా ఇది వాగుతూనే ఉందని కూడా అంటుంది. ఆ రెండోది ఫిర్యాదులా లేదు.

సెప్టెంబరు 10

టేపు సార్ మళ్లీ వెళ్లి చూసి అనుమతి ఇచ్చారు. గోడలకు తక్కువ మార్కులు. బాత్రూంకి తక్కువ. ఆటకు పూర్తి మార్కులు. ఆయన ఎక్కడా పూర్తి మార్కులు వేయగా నేను చూడలేదు. ఎందుకేశారు సార్ అని అడిగాను. నా టేపు వాళ్లింకా తిరిగివ్వలేదమ్మా అన్నారు.

సెప్టెంబరు 17

బుడ్డది షెడ్డులో చేరింది. గోడకు ఆనుకుని నిలబడుతోందట. నీళ్లు తాగొచ్చా, కూర్చోవచ్చా, నవ్వొచ్చా అని ప్రతిదానికీ అడుగుతోందట. ఉండనివ్వండి, తొందరేముంది అంది పెద్దమ్మ. నాకుంది తొందర.

సెప్టెంబరు 30

షెడ్డు గుమ్మంలో ఒక పిల్ల నన్ను ఆపింది. నెత్తి మీద గిన్నె బోర్లించుకుంది. ఇది వేరే దేశమట. బుడ్డదాని పేరు చెప్పి, వాళ్లమ్మను అన్నాను. ఆ పేరు గలవాళ్లు ఇక్కడెవరూ లేరు, ఓడ కెప్టెన్ మాత్రం ఉంది, పనిలో ఉంది అంది.

లోపల మోకాళ్లదాకా మట్టితో ఎవరో తాడు లాగుతూ, గట్టిగా లాగండ్రా అని అరుస్తున్నారు.

వాన మొదలైంది. బయటే నిలబడ్డాను.