నంబరు లేని సంతకం

రాంచీ,
9 జూలై 1979

ప్రియమైన అన్నయ్యకు,

చెల్లెలు సింహాచలం నమస్కారాలు. ఇక్కడి కబురు బాగా లేదు. వచ్చే ఏడాది నుంచి మా కాలేజీకి ప్రభుత్వం గ్రాంటు ఆపేస్తుందట. అదే జరిగితే ఫీజు నాలుగింతలు, హాస్టలుకు తాళం. బి.ఎస్సీ. మధ్యలోనే నేను పెట్టె సర్దుకోవాలి.

పాట్నాలో ఒక అధికారి మా విద్యార్థి యూనియన్ వాళ్ళ మొహం మీదే అన్నాడు, కాలేజీలో చదివేది షావుకార్ల పిల్లలే కదా, దానికి ప్రజల సొమ్ము ఎందుకని. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ కాలేజీ మాకు కావాలని కూలివాళ్ళే అడిగితే ఏమంటాడో చూద్దామని అర్జీ రాశాం. భుయ్యాడీహ్‌ బస్తీలో ఫ్యాక్టరీ పనికెళ్ళే మనవాళ్ళ చేత సంతకాలు పెట్టించి పంపు. తొందరగా పంపు, నీ బద్ధకం నాకు తెలుసు.

నీ చెల్లి,
సింహాచలం

భుయ్యాడీహ్,
జంషెడ్‌పూర్,
24 జూలై

చెల్లి సింహాచలానికి అన్న తవిటయ్య దీవెనలు.

బద్ధకమా నాకు? రెండు ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి ఎనభై నాలుగు సంతకాలు పట్టాను. రాయడం వచ్చినవాళ్ళు తెలుగులోనే పెట్టారు, అందరూ పక్కన ఫ్యాక్టరీ గేటుపాసు నంబరు వేశారు. జీతం కాగితమైనా, ఆసుపత్రి చీటీ అయినా మాకు అదే అలవాటు కదా. దీనికి నంబరు అక్కర్లేదేమో అన్నాను. "నంబరు నేకపోతే అది సంతకం ఏటిరా? మన పేరు ఎవుడు సదువుతాడు?" అని కసిరాడు అసిరయ్య మావ. నూకమ్మత్త వేలిముద్ర వేసి, "ఇంకో ఏలు కూడా ఎయ్యమంటే ఏత్తాను. పిల్ల సదువు ఆగిపోకూడదు" అంది.

నేను మాత్రం నంబరు వెయ్యలేదు. అందరికంటే పైన 'కాలేజీలో చదువుతున్న సింహాచలమ్మకి అన్న' అని రాసుకున్నాను. నవ్వకు.

తవిటయ్య

రాంచీ,
30 ఆగస్టు

ప్రియమైన అన్నయ్యా,

పాట్నా వెళ్ళి అర్జీ ఇచ్చాం. ఆ అధికారికి తెలుగు రాదు, కానీ నంబర్లు చూసి సర్దుకుని కూర్చున్నాడు. వీళ్ళు నిజంగా పనివాళ్ళేనా, సరిచూడమని జంషెడ్‌పూర్‌కు పంపుతానన్నాడు. సరిచూసుకోనీ, మనదేం పోయింది? అసిరయ్య మావ మాటే నిజమైందని ఆయనతో చెప్పు.

నీ సింహాచలం

రాంచీ,
29 అక్టోబరు

అన్నయ్యా,

గ్రాంటు ఆపరట. నిన్ననే ఉత్తర్వు వచ్చింది. హాస్టలంతా గోల గోల. నీ దగ్గర్నుంచేమో రెండు నెలలుగా ఉలుకూ పలుకూ లేదు. దీపావళికి రావద్దని మాత్రం ఒక్క ముక్క కార్డు రాశావు, ఎందుకో చెప్పలేదు. పదో తేదీన వస్తున్నాను. సంతకం పెట్టిన ప్రతి ఇంటికీ వెళ్ళి దణ్ణం పెట్టాలి.

సింహాచలం

భుయ్యాడీహ్,
3 నవంబరు

చెల్లెమ్మా,

నీ ఉత్తరం చదివి సంతోషపడ్డాను. కానీ పదో తేదీన రాకు. ఈ బస్తీలో నిన్ను పలకరించేవాళ్ళు లేరు.

ఆ కాగితాలు సరిచూడడానికని వచ్చి మమ్మల్ని పనిలో పెట్టిన కాంట్రాక్టరు చేతిలో పడ్డాయి. ఇవాళ కాలేజీ కోసం ఏకమైనవాళ్ళు రేపు పర్మనెంటు ఉద్యోగాలు అడుగుతారని అతని భయం. అతని లెక్కలు రాసే మున్షీకి తెలుగు రాదు, అంకెలు వచ్చు. గేటు దగ్గర నిలబడి నంబర్లు చదివి, ఎనభై నాలుగు పాసులూ లాక్కున్నాడు. నంబరు వెయ్యని నన్ను పిలవలేదు. అందరూ బయట, నేనొక్కడినే లోపల. జాబితా నేనే అమ్ముకున్నానన్నారు. ఎవరిని తప్పు పట్టను? వాళ్ళ చోట నేనున్నా అదే అనుకుందును.

నూకమ్మత్త గిన్నెలు అమ్మేసి పార్వతీపురం వెళ్ళిపోయింది. అసిరయ్య మావ అందరి ముందూ, "నీ సెల్లి సదువుకోసం మా పొయ్యిలు ఆర్పీసినావురా" అన్నాడు. కొట్టినా బాగుండేది.

నిన్న నా పాసు నేనే మున్షీకి ఇచ్చేశాను. "పాగల్ హో క్యా?" అని పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. అక్కడి నుంచి అసిరయ్య మావ ఇంటికి వెళ్ళి గుమ్మంలో కూర్చున్నాను. ఆయన తలుపు తియ్యలేదు.

నీకు ఇక ఏమీ పంపలేను. పిల్లలకు పాఠాలు చెప్పుకుని ఎలాగో నెట్టుకురా. చదువు మానేసి వచ్చేస్తానని మాత్రం రాశావంటే నీ మొహం చూడను. ఇంతమంది నోటి దగ్గర కూడు పోయాక అది నీ ఒక్కదాని చదువు కాదు.

పరీక్ష పాసైనప్పుడు ముందు నాకు కాదు, అసిరయ్య మావకి ఉత్తరం రాయి. చదవకుండా చించేసినా సరే, రాయి.

అన్న,
తవిటయ్య