డిస్కు తిరుగుతోంది, డ్రైవు లేదట

మార్చి 9, ఆదివారం

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. కంప్యూటరు తప్ప ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ మరదలూ పాపా బాగున్నారని తలుస్తాను. నువ్వు ఫోనెత్తవు గనక కలం పట్టాను. చదవకుండా పక్కన పడేశావంటే ఊరుకోను.

మీ బావకి గొంతు ఆపరేషనయ్యాక నువ్వు అమర్చిన, టైపు చేస్తే ఆయన బదులు మాట్లాడే కంప్యూటరు సోమవారం కూలబడింది. తెర నల్లబడి మళ్లీ లేవలేదు. నువ్విచ్చిన డిస్కుతో అంతా మొదటినుంచీ ఎక్కించాలని మూలమీది షాపాయన చెప్పాడు. సరేనని డిస్కు పెట్టాను. దివ్యంగా మొదలైంది. ఏ భాష అంది, చెప్పాను. షరతులకు ఒప్పుకుంటావా అంది, ఒప్పుకున్నాను. అప్పుడేమందో తెలుసా? డిస్కు డ్రైవు కనబడటం లేదంది! ఒరేయ్, ఇంతసేపూ ఆ డ్రైవులోంచే కదా అది నడిచింది? డిస్కు గిర్రున తిరిగే చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. దానికి మాత్రం డ్రైవు లేదట. పైగా డ్రైవుకొక డ్రైవరు కావాలట, అదెక్కడుందో నేను చూపించాలట!

డిస్కు తుడిచాను. ఇంకో డిస్కు రాయించాను. మూత విప్పి తీగ పీకి మళ్లీ గుచ్చాను. కొత్త తీగ తెచ్చి పెట్టాను. షాపాయన ఇంటికొచ్చి చూసి, "డ్రైవు పోయిందమ్మా, ఈ పాత డబ్బా పారేసి కొత్తది తీసుకోండి" అన్నాడు. కొత్తదాంట్లో ఆ మాట్లాడే ప్రోగ్రాం నడవదు మొర్రో అంటే వింటేనా!

ఇక మీ బావ సంగతి. స్టేషన్లో ఏ బండి ఏ ప్లాట్‌ఫాం మీదికొస్తుందో ఊరంతటికీ చెప్పిన మనిషి, ఇప్పుడు మంచినీళ్లు కావాలంటే చెంచాతో గ్లాసు మీద కొడుతున్నారు. కాగితం మీద రాసిస్తే ఆ కోడిగీతలు నాకర్థం కావు. ఇది మందా, మంచమా అని అడిగితే, కాగితం లాక్కుని అదే మాట ఇంకా పెద్దగా, ఇంకా అధ్వాన్నంగా రాస్తారు. మొన్న ఇద్దరం గట్టిగా పోట్లాడుకున్నాం. నా అరుపులు గాల్లో కలిసిపోయాయి. ఆయనవి మాత్రం నేనే ఏరి చెత్తబుట్టలో వేయాల్సి వచ్చింది.

గురువారం మా ఆడపడుచు ఫోన్ చేసింది. నేను పెరట్లో ఉన్నాను. ఆయనే తీసి చెవి దగ్గర పెట్టుకున్నారు. అటునుంచి ఆవిడ హలో, హలో, ఉన్నావా అని అడిగి అడిగి పెట్టేసింది. నేను లోపలికొచ్చేసరికి ఆయన ఫోను ఇంకా చెవికి ఆనించుకునే ఉన్నారు. ఆ క్షణాన డ్రైవుని వీధిలోకి విసిరేద్దామనిపించింది.

నీ అలక నాకు తెలుసు. నువ్వు కంప్యూటర్లో పెట్టిన గొంతు వినగానే మీ బావ "ఎవడీ జలుబు చేసిన మనిషి?" అని టైపు చేశారు. నువ్వు అంత కష్టపడి చేశాక అలా అనడం తప్పే. కానీ ఆయన వెటకారం నీకేమైనా కొత్తా? గొంతు పోయినా నోటిదురుసు పోలేదు, అంతే. ఒకసారి వచ్చి చూడు. ఇక నావల్ల కాదు.

మీ అక్క

తా.క. పైన రాసిందంతా నిజమే, కాకపోతే నిన్నటిదాకా నిజం. నిన్న సాయంత్రం ఏమైతే అదవుతుందని ఆ డ్రైవు తీగ పీకి, హార్డ్ డిస్కు తీగ పక్కన ఖాళీగా ఉన్న సాకెట్లో గుచ్చాను. ఈసారి కిక్కురుమనకుండా అంతా ఎక్కించుకుంది. డ్రైవు నిక్షేపంగా ఉందిరా. అది పాత సాకెట్లో ఉంటే కంప్యూటరే గుర్తుపట్టలేక నన్నిలా ఏడిపించింది. మీ బావ మొట్టమొదట పలికించిన మాట, "బాగైందని వాడికి రాయకు. చెడిపోయిందంటేనే వస్తాడు. నాకు వాణ్ణి చూడాలనుంది." పై ఉత్తరం ఆయన చెబితేనే రాశాను. అబద్ధాన్ని పోస్టు చేయడానికి మనసొప్పక, ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఈ నాలుగు ముక్కలూ చేరుస్తున్నాను. నువ్వొచ్చాక మాత్రం డ్రైవు చూడ్డానికే వచ్చానని చెప్పు.