చిన్నాయన బీగమేసిన మాత్రలు

రత్నా,

బాగుండావా అని రాయబోయి ఆపినాను. నువ్వు పోయి నేటికి ఏడు నెలలు. నేనూ, రెండు పాడి ఎనుములూ ఉండాము.

ఇప్పుడు ఊర్లో అందరికీ తెలిసింది, నీకు తెలీనిది ఒకటుండాది. అది చెప్పేదానికే రాస్తాండాను.

చెరువు తెగి ఊరు మునిగినాక, పుంగనూరు ఇస్కూల్లో డేరాలేసుకున్న విదేశీ డాక్టర్లు గుర్తుండారు గదా? బోరు నీళ్లలో మురుగు కలిసింది, బిందెకొక మాత్ర ఏసి తాగండని వాళ్లు సైగలతో చెప్పిండేది నవ్వతా చేసి చూపిస్తివి. మన ఊరికి మాత్రల పెట్టెలు పంపిస్తామన్నారంట. ఆశా వర్కరువి గదా, దినామూ ఎదురుచూస్తివి. రాలేదు. "రానీలే, అందాకా కాంచి తాగమని చెప్తా" అని ఇల్లిల్లూ తిరిగితివి.

కట్టెలన్నీ తడిసిపోయి ఉండాయి. ఎవురు కాంచేది? ఆ ఇండ్లలో నీళ్లు తాగొద్దే అంటే వింటివా? "మునిగినోళ్లు ఇచ్చే నీళ్లు వద్దంటే నొచ్చుకుంటారప్పా" అంటివి...

నాలుగో రోజుకే వాంతులు, భేదులు. ట్రాక్టర్లో ఏసుకుని మదనపల్లె పెద్దాసుపత్రికి పోయేసరికి నీ కండ్లు లోపలికి పోయినాయి. రెండు రోజులు గ్లూకోజు ఎక్కించినారు. అంతే.

రత్నా, ఆ పెట్టెలు వచ్చినాయి. నువ్వు ఇల్లిల్లూ తిరగతాండే రోజుల్లోనే వచ్చినాయి. సాయం కమిటీ పెద్దగా వాటిని తీసుకునింది మీ చిన్నాయన మునస్వామప్పే. పెద్ద నాయకుడొచ్చి పంచాల, ఫోటోలు తీయాల అని, కల్యాణమండపం గదిలో పెట్టి బీగమేసినాడు. మన ఇంటికి ఎంత దూరం ఆ గది?

నీ పదకొండో దినం పొద్దు పంచినారు. నేను కర్మ చేసి ఇంటికొచ్చేసరికి గడప మీద మన వంతు మాత్రలు పెట్టుండాయి.

నరికేద్దామనిపించింది. నీకు అబద్ధం యాల చెప్పాల?

పోయిన నెల కుప్పంలో మీటింగు పెట్టినారు. పంపిచ్చిన మందులు జనానికి చేరినాయా అని అడిగేదానికి ఆ విదేశం వాళ్లే మళ్లా వచ్చినారు. కమిటీ పెద్దలందరికీ శాలువాలు కప్పినారు, మీ చిన్నాయనకి కూడా. మాత్రలు తీసుకున్నోళ్ల రిజిస్టరు బల్ల మీద పెట్టి, ఎవురైనా చూడొచ్చునన్నారు. వెనక బెంచీలోంచి లేచిపోయి చూసినాను.

నీ పేరుండాది. పేరు పక్కన వేలిముద్ర.

పదో తరగతి పాసైన దానివి. బ్యాంకులో ముద్రేయమంటే, "ముద్రేసేదానికా మా నాయన నన్ను బడికి పంపించింది" అని పెన్ను అడిగి తీసుకుంటివి. పంచింది నీ పదకొండో దినమైతే, రాసిన తేదీ చూస్తే నువ్వు మదనపల్లెలో గ్లూకోజు ఎక్కించుకుంటాండే రోజు.

మైకు ఇమ్మన్నాను. అంతా చెప్పి, జేబులోంచి నీ ఆసుపత్రి చీటీ, డెత్ సర్టిఫికెట్ తీసి ఆ రిజిస్టరు పక్కనే పెట్టినాను. కుప్పం పాప ఒకతి నా మాటల్ని ఇంగ్లీషులో చెప్తాంటే, ఆ విదేశీ డాక్టరమ్మ రాసేది ఆపేసింది. గది బీగం చెవి ఎవురి దగ్గరుండె అని మీ చిన్నాయన్నే అడిగింది. ఆయన శాలువా తీసి మడతపెట్టుకుంటా ఉండిపోయినాడు.

అది చూసి నాకు సంతోషమైంది. సిగ్గుపడాల్నా? బయటికొచ్చి బస్టాండు కాడ రెండు సంగటి ముద్దలు తిన్నాను. నువ్వు పోయినాక నాకు ఆకలైంది అదే మొదలు.

ఇప్పుడు ఆయన్ని కమిటీలోంచి తీసేసినారు. మందులు నేరుగా ఆశా వర్కర్ల చేతికే ఇస్తాండారు. విచారణ జరగతా ఉండాది. ఇంటోళ్లని రచ్చకీడ్చొద్దని మీ అమ్మ వచ్చి ఏడ్చింది.

మొన్న ఆయనే వచ్చినాడు. బాగా చిక్కిపోయినాడు. వాకిట్లో నిలబడి, కావాలని చేయలేదు, రత్న ఉండింటే నన్ను క్షమించేది అన్నాడు. ఉండింటే గదా, అన్నాను. కూచోమని కూడా అనలేదు.

"కోపంలో మాట్లాడొద్దప్పా, తెల్లారినాక మాట్లాడు" అనేదానివి. రోజూ తెల్లారతానే ఉండాది రత్నా. కోపం ఆడనే ఉండాది. నేనేం చేసేది?

సోమవారం మదనపల్లెలో విచారణకి పిలిచినారు. పాలు పిండి పోసేసి మొదటి బస్సుకే పోతాను. ఎన్నిసార్లు పిలిచినా ఈ కోపంతోనే పోతాను. బతికినన్నాళ్లూ నీ మాట విన్నాను. ఈ ఒక్కటీ వినను.

నీ
గంగులప్ప