పసుపు గాజు గిన్నె ఆచూకీ

ట్రాఫిక్ కాలనీ,
జనవరి 4

సుజాతమ్మ అత్త దివ్య సముఖమునకు మేనల్లుడు సమర్పించుకొను విచారణ నివేదిక.

నానమ్మ వదిలి వెళ్లిన నాలుగు పాత గాజు గిన్నెల్లో పెద్దది, పసుపుది, క్రిస్మస్ నుంచి కనిపించడం లేదు. అందులోనే కేకు పిండి కలిపి, కాల్చడానికి బేకరీకి పంపాం. వినీల వదిన కేకుతో వచ్చింది, గిన్నె లేకుండా. "నేనెళ్లేసరికే లేదు అత్తయ్యా" అని అమ్మతో అంది. "పగలగొట్టి దాసీసింది" అని అమ్మ తీర్పు చెప్పింది. కొత్త కోడలు అప్పటినుంచి సరిగ్గా తినడం లేదు.

బేకరీ నడిపే బెంగాలీ దాదాను అడిగాను. "మా అమ్మదే" అంటూ ఒక దీదీ పట్టుకెళ్లిందట.

అందుకే నిన్న ఇందా పేటలో ఉన్న మీ ఇంటికి వచ్చాను. నన్ను చూడగానే పెరుగు గిన్నె మీద తువ్వాలు కప్పావు. పెరుక్కి చలేస్తుందా అత్తా? "ఏటి సూస్తన్నావురా, సీఐడీలాగ?" అన్నావు. నువ్వు టీ పెట్టడానికి వెళ్లగానే తువ్వాలు ఎత్తి, గిన్నె కింద చూశాను. నానమ్మ నెయిల్ పాలిష్‌తో రాసిన మా రైల్వే క్వార్టర్ నంబరు సగం గీకేసి ఉంది.

నువ్వు అడిగినా అమ్మ ఇచ్చేది కాదు, తెలుసు. అది మీ అమ్మ గిన్నె, ఉంచుకో. నేనే పగలగొట్టానని ఇంట్లో చెప్పాను. అమ్మ నమ్మి నా వీపు మోగించింది. వదిన మాత్రం నమ్మలేదు. తన కోసం అబద్ధమాడానని ఇంకా ఏడుస్తోంది.

ఆదివారం చర్చి అయ్యాక తనను మీ ఇంటికి తీసుకొస్తున్నాను. నిజం నీ నోటితోనే చెప్పు.

ఇట్లు,
వీపు వాచిన మేనల్లుడు